కుడివైపు గ్రే

మా అత్తగారు నన్ను మిరపకాయ అని పిలుస్తారు. నాకు ముక్కు మీద కోపమని ఆవిడ వాదన. కాదని ఎలా అనను, ఆ మాట అన్నప్పుడల్లా నాకు కోపమే వస్తుంది మరి! కానీ ఆ రోజు రంగుల కొట్టులో నాకొచ్చిన కోపం మాత్రం పూర్తిగా న్యాయమైనది.

కొట్టాయన నా ముందు రెండు అట్టముక్కలు పడేశాడు. రెండూ గ్రే. ఒకదాని పేరు తొలి మంచు, రెండోదాని పేరు మలి మంచు అన్నాడు.

"మంచు సంగతి అలా ఉంచండి. ఈ రెండింట్లో ఏ రంగూ లేనిది ఏది?" అన్నాను.

"రంగుల కొట్టుకొచ్చి రంగు లేనిది కావాలంటారేంటమ్మా? రెండూ ఒకటే. కళ్ళు మూసుకుని ఏదో ఒకటి తీసుకెళ్ళండి."

కళ్ళు మూసుకుని! మాతో అనాల్సిన మాటేనా అది? ఒళ్ళు మండిపోయింది. రెండింట్లోనూ ఒక్కో చిన్న డబ్బా, వాటి అట్టముక్కలూ తీసుకుని విసవిసా బయటికొచ్చేశాను.

అతన్ని అనీ లాభం లేదు లెండి. మా పని అలాంటిది. మా ఇంటి ముందుగదిలో మేం కళ్ళు చేస్తాం. దెబ్బ తగిలో జబ్బు చేసో కన్ను పోగొట్టుకున్నవాళ్ళు రెప్ప కింద పెట్టుకునే కళ్ళు. జనం గాజు కన్ను అంటారు గానీ అది గాజు కాదు, కట్టుడు పళ్ళ చిగుళ్ళు చేసేలాంటి ప్లాస్టిక్కు. తెల్లగుడ్డు పోతపోసి, దానికి సరైన తెలుపు కలిపేది మా అత్తగారు. నల్లగుడ్డు గీసి, ఎర్ర పట్టుదారం పోగులు అంటించి నరాలు తీర్చేది నేను. వచ్చినవాళ్ళని కుర్చీలో కూర్చోబెట్టి, వాళ్ళకి మిగిలిన కంటిని చూస్తూ దానికి జోడీ తయారు చేస్తాం. ఆ గది గోడలు నీలంగా ఉంటే ఆ నీలం మొహం మీద పడుతుంది, పసుపుగా ఉంటే పసుపు పడుతుంది. అక్కడ అచ్చు గుద్దినట్టు సరిపోయిన కన్ను వీధిలోకి వెళ్ళేసరికి తేలిపోతుంది. అందుకని మాకు కావలసింది ఏ పక్కకీ ఒరగని గ్రే.

పాత గోడ అలాంటిదే. కానీ పైన నీళ్ళ గొట్టం పగిలి చెమ్మ దిగింది. పసుపురంగు మరక ఒకటి కుర్చీ వెనక నుంచి కిటికీ దాకా పాకింది. ఆ మరక మీద నాకు మనసులో ఇంకో కోపం కూడా ఉంది. ఈ మధ్య మా తెల్లగుడ్లు కాస్త పసుపు తిరుగుతున్నట్టు నాకు అనుమానం. అత్తగారి చేతి తెలుపు మీద అనుమానమా! ఛ, ఆ మాట నా నాలుక చివరికే రాదు. అందుకని గోడ మీదికి తోశాను. చెమ్మ పట్టిన గోడ నీడ పడి తెలుపు అలా కనిపిస్తోందని నాకు నేనే తీర్పు చెప్పేసుకున్నాను. గోడ నోరు లేనిది, ఎన్నన్నా పడుతుంది. రంగు వేయించాల్సిందేనని ఇంట్లో అందరి ప్రాణాలూ తోడేశాను.

నా ఎడమ కన్ను కూడా ఆవిడ చేసిందే. ఈ సంగతి ముందే చెప్పాల్సింది. చిన్నప్పుడు బడిలో ఆడుకుంటూ దెబ్బ తగిలించుకున్నాను, కన్ను పోయింది. ఆ తర్వాత చాలా కాలం జుట్టు సగం మొహం మీదికి వేసుకుని గోడవారగా నడిచేదాన్ని. ఫోటో అంటే పరుగే పరుగు. మా అమ్మ నన్ను ఈ గదికి లాక్కొచ్చిన రోజు ఆవిడ నా జుట్టు వెనక్కి తోసి, "బంగారం లాంటి మొహం. దాచుకు తిరుగుతున్నావు, ఎక్కడైనా దొంగతనం చేశావా ఏంటి?" అన్నారు. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. కన్ను తయారయ్యాక అది పెట్టి, అద్దం నా చేతికిచ్చి, "ఇప్పుడు చెప్పు. ఏది నీతో పుట్టింది, ఏది నేను పెట్టింది?" అని అడిగారు. అద్దంలోంచి రెండు కళ్ళున్న పిల్ల ఒకతి నా వంక చూస్తోంది. దాన్నే చూస్తూ కూర్చుండిపోయాను. ఆవిడకి థాంక్స్ చెప్పాలని కూడా తోచలేదు. ఆ రోజు చెప్పలేకపోయిన మాటని ఇప్పటికీ చెప్పబోతుంటాను, నా నోట్లోంచి అది పోట్లాటలా బయటికొస్తుంది.

కంటికి మెరుగు పెట్టించుకునే నెపంతో మళ్ళీ మళ్ళీ వచ్చాను. తర్వాత పని నేర్చుకుంటానని వచ్చాను. ఆ తర్వాత ఆవిడ కొడుకుని చేసుకున్నాను. మా ఆయన్ని ఉడికించాలంటే ఇప్పటికీ ఒకటే మాట అంటాను: "నేను మిమ్మల్ని చూసి రాలేదు, మీ అమ్మ గదిని చూసి వచ్చాను."

ఆ గదిలో ఒక పద్ధతి ఉంది. పొద్దున కుంచె ముట్టుకునే ముందు తెల్లముక్కల వరస పేర్చాలి. ఇదివరకు ఇద్దరం పేర్చేవాళ్ళం, కొన్నాళ్ళుగా అది నా ఒక్కదాని పనే. చొక్కా గుండీలంత ముక్కలవి, అన్నీ తెలుపే. కాకపోతే ఒకటి నీలానికి ఒరిగింది, ఒకటి పసుపుకి ఒరిగింది, మిగిలినవన్నీ వెంట్రుకవాసి తేడాలతో ఆ రెండింటి మధ్యవి. అన్నీ కలిపేసి, నీలం నుంచి పసుపు దాకా వరసలో పెట్టాలి. తప్పితే అత్తగారు తిట్టరు. "మళ్ళీ" అంటారు, అంతే. నేర్చుకునే రోజుల్లో ఆ మాట విని విని నా చెవులు చిల్లులు పడ్డాయి. "ఒంటికన్నుదాన్ని, నావల్ల కాదు" అని ఒకసారి ముక్కలన్నీ విసిరికొట్టి ఏడ్చాను. ఆవిడ వంగి ఒక్కొక్కటీ ఏరుకుంటూ, "తెలుపు చూడ్డానికి ఒక కన్ను చాలే. రెండోది ఉన్నా దిక్కులు చూడ్డానికే" అన్నారు. అన్నీ ఏరి నా ముందు పెట్టి, "మళ్ళీ" అన్నారు.

అలాంటి మనిషి, నేను తెచ్చిన అట్టముక్కలు రెండూ కిటికీ దగ్గర పట్టుకుని, అటూ ఇటూ తిప్పి, "రెండూ ఒకటేగా" అన్నారు.

నేను పకపకా నవ్వాను. నన్ను పరీక్షిస్తున్నారనుకున్నాను. "నాటకాలు చాలు గానీ చెప్పండి అత్తయ్యా, ఏది?"

"ఏదైతే ఏంటే? ఒకటే రంగుకి రెండు పేర్లు పెట్టి నీకు అంటగట్టాడు. బాగా బోల్తా కొట్టించాడు నిన్ను."

నా కంటికి మలి మంచు పసుపుకి ఒరిగినట్టు స్పష్టంగా కనిపిస్తోంది. అదే చెప్పాను. కాదన్నారు. గొంతు పెంచి చెప్పాను. ఆవిడా పెంచారు. ఆ కేకలకి మా ఆయన నిచ్చెన పట్టుకుని వచ్చారు. ఆయనది కరెంటు పని. ఇంట్లో ఏ గొడవ వచ్చినా బల్బు మారిస్తే తీరిపోతుందని ఆయన నమ్మకం.

"ఇప్పుడెలా ఉందమ్మా?"

"ఒకటే."

ఇంకో బల్బు పెట్టారు. "ఇప్పుడు?"

"ఒరేయ్, దిగరా బాబూ. పడి కాలు విరగ్గొట్టుకుంటే నేనేం చెయ్యలేను, నాకు కళ్ళు చేయడమే వచ్చు" అన్నారు అత్తగారు.

"మీకెలా ఉన్నాయండీ ఈ రెండూ?" అని ఆయన్ని అడిగాను. "ఇంత ముక్క మీద ఏం తెలుస్తుంది?" అని నీళ్ళు నమిలారు. ఆయన సాక్ష్యం ఎలాగూ చెల్లదు. ఒక కాలికి నల్ల సాక్సు, ఇంకో కాలికి ముదురు నీలం సాక్సు వేసుకుని పెళ్ళికొచ్చిన మనిషి ఆయన. అదీ మా పెళ్ళికే.

ఆ సాయంత్రం గిన్నెలు కడుగుతుంటే కోపం దిగిపోయి, నా మీద నాకే అనుమానం మొదలైంది. చూస్తున్నది ఒక్క కన్నుతో. ఆవిడవి రెండు కళ్ళు, అందులోనూ ఎలాంటి కళ్ళు! నాకు తెలుపంటే ఏంటో చూపించినవే అవి. ఆవిడ ఒకటే అంటే ఒకటే అయ్యుంటుంది. నా కన్నే చెడిపోతోందేమోనని భయమేసింది. భయమేస్తే నేను ఊరుకోలేను, తాడో పేడో తేల్చుకోవాలి. రెండు రంగులూ గోడ మీద పెద్దగా వేయించి చూద్దామన్నాను.

మా పెయింటర్‌ని మేం రేపు అని పిలుస్తాం. ఎప్పుడొస్తావయ్యా అంటే అతను చెప్పేది ఆ ఒక్క మాటే. ఎందుకోగానీ ఆ సారి నిజంగానే మర్నాడు వచ్చాడు. మరక గీకి, లప్పం పట్టించి, ఎడమవైపు మలి మంచు, కుడివైపు తొలి మంచు, తలుపంత వెడల్పున పక్కపక్కన వేశాడు. ఆరిపోయాక కిటికీ తెరలు పూర్తిగా తీసి అత్తగారిని పిలిచాను. పెద్దగా చూస్తే ఆవిడకి తెలిసిపోతుంది, "సరేలే మిరపకాయ్, నువ్వే గెలిచావు" అంటారు, ఇద్దరం టీ తాగుతాం. నేను కోరుకున్నది అంతే.

ఆవిడ గోడ ముందు నిలబడ్డారు. దగ్గరికెళ్ళి చూశారు. వెనక్కొచ్చి చూశారు.

"ఏదే, రెండోది ఎక్కడ మొదలైంది?" అన్నారు.

గోడ మధ్యలో గీత గీసినట్టు తెలుస్తోంది తేడా. రేపు కూడా చేతిలో కుంచె పట్టుకుని నోరు తెరుచుకుని చూస్తున్నాడు. మాట్లాడొద్దని అతనికి సైగ చేశాను. తలుపు దగ్గర నిలబడి టీ తాగుతున్న మా ఆయనకి సైగ చేయడం మర్చిపోయాను.

"ఎడమది కాస్త పసుపుగా లేదూ? పాత బనీనులా ఉందమ్మా" అన్నారాయన.

అత్తగారు తిరిగి కొడుకు వంక చూశారు. ఆ సాక్సుల మనిషికి కూడా కనిపించింది. ఆవిడకి కనబడలేదు. తానేం అన్నారో ఆయనకి అప్పుడర్థమైంది. "కాదులే అమ్మా, నేను సరిగ్గా చూళ్ళేదు, ఒకటేలా ఉన్నాయి" అని గడగడా అనేశారు.

"నోర్మూసుకోరా. మొదట అన్నదే నిజం" అన్నారావిడ. వెళ్ళి, మా దగ్గరికొచ్చేవాళ్ళు కూర్చునే కుర్చీలో కూర్చున్నారు. "ఏమే, తెల్లముక్కలు తే."

తెచ్చి ఆవిడ ముందు బల్ల మీద పోశాను. ఆవిడ పేర్చారు. ఎప్పటిలాగే తొందర లేకుండా, చిటికెన వేలితో ఒక్కొక్కటీ జరుపుతూ, చాలా శ్రద్ధగా పేర్చారు. నీలం వైపు అంతా సరిగ్గా ఉంది. పసుపు వైపు మొత్తం కలగాపులగం.

"చెప్పు" అన్నారు.

నేను చెప్పలేదు.

"మిరపకాయ్, చెప్పమన్నానా!"

"మళ్ళీ, అత్తయ్యా" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి రావడానికి ఎంత కష్టపడిందో నాకే తెలుసు. ఆవిడకి ఆ మాట చెప్పే రోజు నా జీవితంలో వస్తుందని నేననుకోలేదు.

ఆవిడ మళ్ళీ పేర్చలేదు. ముక్కల వంక చూస్తూ, "ఎన్నాళ్ళ నుంచే ఇలా? తెల్లగుడ్లన్నీ నీ చేతుల మీదుగానే పోతాయిగా. నీకు కనబడలేదా?" అని అడిగారు.

"కనబడింది. గోడ అనుకున్నాను."

"గోడా?"

"చెమ్మ పట్టింది కదా, దాని నీడ పడుతోందనుకున్నాను. నిన్నటి నుంచి నా కన్నే పోయిందేమో అనుకున్నాను. మీ కన్ను అని మాత్రం తోచలేదత్తయ్యా."

ఆవిడ బల్ల మీది ముక్కలన్నీ ఒక పక్కకి దోశారు. తర్వాత చాలా మామూలు గొంతుతో, "ఏడాది నుంచి కళ్ళు పెట్టించుకున్నవాళ్ళందరికీ ఫోన్ చెయ్. మళ్ళీ చేసిస్తామని చెప్పు. మొహాలు నమ్మి ఇచ్చారే నాకు" అన్నారు. రేపు వైపు తిరిగి, "గోడ ఇలాగే ఉంచు బాబూ. డాక్టరు దగ్గరికెళ్ళొస్తాను. ఈ రెండింట్లో ఏదో నేనే చూసి చెప్తాను. చెప్పలేకపోతే ఈ గది దీనిది. ఆ తర్వాత నేను లోపలికి రాను" అన్నారు. అనడమే కాదు, లేచి బయటికెళ్ళి తలుపు దగ్గరగా వేసేశారు. ఆ గదికి నేనొక్కదాన్నే మిగలడమంటే ఏంటో ఆ తలుపు చప్పుడుకి తెలిసింది. నాకొద్దు బాబోయ్ ఆ గది, ఆవిడ లేకుండా!

బల్ల తుడుస్తూ అద్దంలో నన్ను నేను చూసుకున్నాను. ఇప్పుడు నేను పెట్టుకుంటున్న కన్ను పోయిన ఏడాది ఆవిడ చేసిందే. పెట్టిన రోజునే కాస్త పసుపనిపించింది. నా సొంత కన్ను వయసుతో రంగు మారిందేమో, దానికి తగ్గట్టు చేశారులే అనుకున్నాను. ఇప్పుడు కుడివైపు గ్రే ముందు నిలబడి చూస్తే నా మొహంలో ఒక తెలుపు ఉంది, ఒక పాత బనీను ఉంది. ఏడాదిగా దాన్నే పెట్టుకుని ఊరంతా తిరిగాను.

డాక్టరు చూసి, రెండు కళ్ళలోనూ శుక్లాలన్నారు. మెల్లగా ముదిరాయి కాబట్టి ఆవిడకి తెలియలేదట. కంట్లో ఉండే అద్దం లాంటి పొర పసుపు తిరిగిపోతే బయటి పసుపు తేడాలు తెలియవట. ముందు కుడి కంటికి ఆపరేషన్, కొన్ని వారాలు ఆగి ఎడమ కంటికి.

"తర్వాత తెలుపు కనబడుతుందా?" అని అడిగారు అత్తగారు.

"అందరికీ బాగానే కనబడుతుందమ్మా."

"అందరి గొడవా నాకెందుకండీ? నేను తెల్లముక్కల వరస పేర్చగలనా లేదా?"

ఆ డాక్టరుగారు పాపం నా వంక చూశారు. నేను పైకప్పు వంక చూశాను.

ఆపరేషన్ రోజు దగ్గరపడుతున్న కొద్దీ నాకు ఒకటే బెంగ. కట్టు విప్పాక ఆవిడ నా మొహం చూస్తారు. ఆవిడ చేసిన పసుపు కన్ను అందులో కనిపిస్తుంది. ఊళ్ళోవాళ్ళ కళ్ళ సంగతి వేరు. కోడలి మొహంలో, ఆవిడే జుట్టు వెనక్కి తోసి బయటపెట్టిన మొహంలో, ఆ తప్పు చూశారంటే ఆవిడ ఇక కుంచె పట్టరని నా భయం. డబ్బాలో నా పాత కళ్ళున్నాయి. పెళ్ళికి ముందు చేసినదాన్ని తీసి పెట్టుకున్నాను. అది ఇప్పుడు నాకు వదులు. రెప్ప జారుతుంది, నీరు కారుతుంది. అయినా తెలుపు మాత్రం ముత్యంలా ఉంది. చాలు, కొన్నాళ్ళు ఓర్చుకోలేనా!

ఆస్పత్రిలో కట్టు విప్పగానే ఆవిడకి నల్లకళ్ళద్దాలు పెట్టారు. దారి పొడుగునా ఆవిడ వాటిని తియ్యలేదు. "మొదట గోడే చూస్తాను" అని మొండిపట్టు పట్టారు. ఇంటికి రాగానే చెప్పులు విడిచి నేరుగా గదిలోకి నడిచారు. వెనకాలే నేను, నా వెనక మా ఆయన. ఆయన చేతిలో ఎందుకైనా మంచిదని ఒక బల్బు.

అత్తగారు కళ్ళద్దాలు తీశారు. గోడ వంక చూశారు. అప్పుడు ఆవిడ చెయ్యెత్తి ఎడమ కన్ను మూసుకున్నారు.

"రెండు" అన్నారు.

ఆ కన్ను వదిలేసి కుడి కన్ను మూసుకున్నారు. "ఒకటి."

మళ్ళీ ఎడమది మూశారు. "రెండు! ఒసేయ్, రెండే ఇవి! ఒకటి. రెండు. ఒకటి. రెండు." చిన్నపిల్లలా చేతులు మార్చుకుంటూ నవ్వుతున్నారు. "అయ్యో, ఎంత తేడా ఉందే! పాత బనీనే ఇది. వాడు అక్షరాలా నిజం చెప్పాడు. కుడివైపుది వెయ్యమను. దాంట్లో ఏ రంగూ లేదు."

"నేను ముందే చెప్పానుగా" అని మా ఆయన ఛాతీ పొంగించారు. ఆయన జన్మలో రంగు విషయంలో గెలిచింది అదొక్కసారే, పోనీలెమ్మని ఊరుకున్నాను. హమ్మయ్య, గది ఆవిడదే, ఆవిడ ఎక్కడికీ పోరు!

అంతలో ఆవిడ నా వైపు తిరిగారు. నవ్వు ఆగింది.

"దగ్గరికి రా. రెప్ప జారిందేం?" గడ్డం పట్టుకుని మొహం పైకెత్తారు. "ఇది పెళ్ళికి ముందుది కదే. కొత్తది ఏది?"

"మెరుగు పెడదామని తీశాను."

"నీకు అబద్ధం చేతకాదు, చెవులు ఎర్రబడతాయి. తే."

తెచ్చి అరచేతిలో పెట్టాను. ఆవిడ దాన్ని కుడివైపు గ్రే మీద పట్టుకుని ఒక కంటితో చూశారు, రెండో కంటితో చూశారు. మళ్ళీ మొదటి కంటితో చూశారు.

"ఇది పెట్టుకుని ఏడాది తిరిగావా?"

"తిరిగాను."

"కూరలో చిటికెడు ఉప్పు ఎక్కువైతే ఇల్లు పీకి పందిరి వేస్తావే! మొహంలో ఇంత తప్పు పెట్టుకుని నోరెత్తలేదేం?"

"తప్పు అనుకుంటేగా ఎత్తడానికి!" అని నేనూ అరిచాను. ఏడుపు వస్తుంటే అరవడం తప్ప నాకింకో దారి తెలీదు. "నాకు మొహం ఉందని చెప్పిందే మీరు. మీరు పెట్టిన కన్ను తప్పని నేనెలా అనుకుంటాను? ఆ రోజు మీకు థాంక్స్ కూడా చెప్పలేదు నేను. అద్దంలో చూసుకుంటూ బొమ్మలా కూర్చున్నాను. ఆ కన్ను పసుపైనా, ఎరుపైనా, మీరు చేశారని పెట్టుకున్నాను. ఇప్పుడు దాన్ని చూసి మీరు పని మానేస్తానంటే మాత్రం ఊరుకోను, చెప్తున్నా!"

మా ఆయన చప్పుడు చేయకుండా బల్బు పట్టుకుని బయటికెళ్ళిపోయారు.

"అయిందా?" అన్నారు అత్తగారు. "ఎవరు మానేస్తానన్నారే? తెలుపు కనబడకపోతే మానేస్తానన్నాను. కనబడుతోందిగా." ఆ కన్నుని కొంగుతో తుడిచారు. "థాంక్స్ నువ్వేంటి చెప్పేది, నేను చెప్పాలి. నువ్వు ఆ గోడ మీద పడి ఏడవకపోతే, ఆ కొట్టువాడితో పోట్లాడి రెండు డబ్బాలు తేకపోతే, ఇంకా ఎంతమంది మొహాల్లో బనీన్లు పెట్టేదాన్నో! నీ కోపానికి దండం పెట్టాలి తల్లీ." నా నెత్తి మీద చెయ్యి వేశారు. అంత మెత్తగా మాట్లాడ్డం ఆవిడకి అలవాటు లేదు, వెంటనే ఆ చేత్తోనే ఒకటి మొట్టారు. "నువ్వు మొదటిదానివి. తర్వాత మొన్నీమధ్య కన్ను పెట్టించుకెళ్ళిన ఆ బస్సు కండక్టరు, తర్వాత మిగిలినవాళ్ళు. ముందు గోడ కానివ్వు."

గోడ ఎప్పుడవుతుందని అడిగితే రేపు, "రేపు" అన్నాడు. అన్నట్టే మర్నాడు వచ్చి నాలుగు గోడలకీ తొలి మంచు వేసి వెళ్ళాడు. పని మొదలుపెట్టవచ్చని డాక్టరు ఒప్పుకున్న రోజు పొద్దున, అత్తగారు జేబురుమాలు మడిచి, ఇంకా శుక్లం తియ్యని ఎడమ కంటికి అడ్డంగా కట్టుకుని గదిలోకొచ్చారు.

"రెండో కన్ను కూడా అయ్యేదాకా ఆగొచ్చుగా అత్తయ్యా" అన్నాను.

"తెలుపు చూడ్డానికి ఒక కన్ను చాలే. నిన్ను చూసి నేర్చుకున్నాను."

"నాకు ఆ మాట చెప్పింది మీరే."

"చెప్పడం వేరు, చెయ్యడం వేరు. ఇన్నేళ్ళూ ఎలా చేశావే ఒంటికంటితో? గ్లాసులో నీళ్ళు పోసుకుందామంటే సగం బల్ల మీదే పోశాను పొద్దున." అలా అంటూనే తెల్లముక్కలు కలిపేసి పేర్చడం మొదలుపెట్టారు. ఈ చివర నుంచి ఆ చివర దాకా నేను రెండుసార్లు చూశాను. నేను నోరు తెరవాల్సిన అవసరం రాలేదు.

నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, నా కుడి కంటిని చూస్తూ ఆవిడ తెలుపు కలిపారు. ఆ తెలుపు మీద నా నల్లగుడ్డు నేనే గీసుకున్నాను, నరాలు తీర్చుకున్నాను. పైపూత పోసి, మెరుగు పెట్టి, ఆవిడే నా రెప్ప ఎత్తి కొత్త కన్ను పెట్టారు. అద్దం చేతికిచ్చి వెనక నిలబడ్డారు. "చెప్పు. ఏది నీతో పుట్టింది, ఏది నేను పెట్టింది?"

అద్దంలో నా వెనక ఏ రంగూ లేని గోడ. దాని ముందు జేబురుమాలు కట్టుకుని ఆవిడ, ఆవిడ ముందు నేను. నా మొహంలో రెండు తెలుపులూ ఒకటే. ఒక తల్లి కడుపున పుట్టినట్టున్నాయి. పెట్టుడు కన్ను ఏడవదని చాలామంది అనుకుంటారు. నీళ్ళు రెండు వైపులా ఒకేలా కారతాయి.

"తెలీడం లేదత్తయ్యా. సరిపోయింది" అన్నాను.

"ఏడుస్తూ చెప్పింది చెల్లదు. తుడుచుకో" అన్నారు ఆవిడ, కొంగు నా చేతికిస్తూ. "మళ్ళీ."